తన స్థూపం నీడన కూర్చున్న మనిషి

మా ఊరి అమరుల దినానికి మైకు సెట్టు మాట్లాడుకోవడానికి మొన్న ఒక యువజన నాయకుడు నా దుకాణానికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, రెండూ మోగుతూనే ఉన్నాయి. బాక్సులు, హారన్లు ఎన్ని కావాలో చెప్పి, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. ఈ దినం మన ఊళ్ళో ఎట్లా మొదలైందో రెండు లైన్లు చెప్పమన్నాడు. ఫ్లెక్సీ మీద తన ఫోటో పక్కన కొంచెం జాగా మిగిలిందట.

రెండు లైన్లలో పట్టదు అన్నాను. అయితే ఒక్క లైను చెప్పు చాలు అన్నాడు.

అతను వెళ్ళాక చాలాసేపు వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను. మా స్థూపం తాత గుర్తొచ్చాడు. ఆయన ఉంటే ఆ ఒక్క లైను చెప్పేవాడేమో. చెప్పాక ఆ యువజన నాయకుడు ఫ్లెక్సీ పని మానుకొని ఇంటికి పోయేవాడు.

మాది జనగామ నుంచి దేవరుప్పుల పోయే దిక్కున ఒక ఊరు. బస్సు దిగగానే ఎదురుగా ఎర్రరంగు స్థూపం కనిపిస్తుంది. దాని మీద తెల్లరంగుతో రాసిన పేరు ఒక్కటే. ఆ పేరుగల మనిషి ప్రతి ఏడూ అమరుల దినం నాడు అదే స్థూపం నీడలో, నా ఆంప్లిఫయర్ పక్కన స్టూలు వేసుకొని బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. అమరునికి నివాళిగా అందరూ లేచి మౌనం పాటిస్తే తనూ లేచేవాడు. మోకాళ్ళ నొప్పి వల్ల మెల్లగా లేచి, అందరూ కూర్చున్నాక మెల్లగా కూర్చునేవాడు. ఆ లెక్కన ఆయనకు అందరికన్నా ఎక్కువసేపు నివాళి అర్పించింది ఆయనే.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఏ పేరు రాయాలో నాకు తెలియదు గనుక. పాత పేరు స్థూపం మీదికి పోయింది. తర్వాత కొత్త పేరు ఒకటి పెట్టారు గాని అది ఎవరి నోటా రాలేదు. పెద్దవాళ్ళు స్థూపమాయన అనేవాళ్ళు, మా ఈడువాళ్ళం స్థూపం తాత అనేవాళ్ళం. రేషన్ కార్డులో మాత్రం పాత పేరే ఉండేది. అంటే పార్టీ లెక్కలో ఆయన చచ్చిపోయాడు, సర్కారు లెక్కలో నెలనెలా బియ్యం తెచ్చుకుంటున్నాడు. ఆ ఇద్దరూ ఒకచోట కూర్చొని ఎన్నడూ లెక్క సరిచూసుకోలేదు.

అసలు సంగతి ఇది. దొరల కాలం. కోట లాంటి దొర గడీ ముందు నుంచి చెప్పులు వేసుకొని పోరాదు. దొర పొలంలో నాటు పడితేగాని మన పొలంలో పడరాదు. పిలిచినప్పుడు పోయి కూలి లేకుండా వెట్టి చెయ్యాలి. అది ఇక చెయ్యం అని ఊళ్ళో జనం సంఘం పెట్టుకొని, దుడ్డుకర్రలు పట్టుకొని ఎదురు తిరిగారు. స్థూపం తాత అప్పటికి కొత్తగా పెళ్ళయినవాడు. ముందు కర్ర పట్టాడు, తర్వాత తుపాకి పట్టి దళంలో కలిశాడు. దొర మనుషులు ఆయన కోసం ఇల్లిల్లూ వెతికారు. దొరక్కపోతే తల్లిని తెచ్చి గడీ ముందు ఎండలో నిలబెట్టారు. సాయంత్రం వదిలిపెట్టడం, మళ్ళీ తెల్లవారి తెచ్చి నిలబెట్టడం. అట్లా చాలా రోజులు నడిచింది.

శ్రావణమాసపు ముసురులో ఒకరోజు, ఊరి బయట చెలకలో ఉన్న గుడిసెలో ఆయన పడుకున్నాడని వాళ్ళకు కబురందింది. బయట గొళ్ళెం పెట్టి నిప్పంటించారు. తర్వాత శవాన్ని గుర్తుపట్టమని తల్లిని పిలిపించారు. గుర్తుపట్టడానికి మొహం మిగల్లేదు. కాళ్ళ మీద కప్పుకున్న గొంగడి మాత్రం చూరు నీళ్ళకు తడిసి ఒక మూల కాలకుండా మిగిలింది. మా దిక్కున మనిషిని ఎంత గుర్తుపడతారో గొంగడినీ అంతే గుర్తుపడతారు. అంచుకు వేసిన కుట్టు, మూలకు వేసిన అతుకు ఇంటికొక తీరుగా ఉంటాయి. దూరాన గట్టు మీద పోయేవాణ్ణి గొంగడి చూసే పేరు పెట్టి పిలుస్తారు. ఈ గొంగడి మూలకు ఆ తల్లి తన పాత చీర ముక్కతో వేసిన అతుకే ఉంది. ఆమె గొంగడి ఎత్తి చూసింది. మళ్ళీ కప్పేసి, గుండెలు బాదుకొని, కొడుకా అని ఏడ్చింది. కోడలి గాజులు పగలగొట్టారు. పూజలు చేసే అయ్యగారు చావు దినాలు చేయించాడు. దొర మనుషులు వెతకడం మానేశారు.

మా ఊరి అమరుల దినం ఆ దినమే.

తర్వాత దొర పట్నం పోయాడు, పోరాటం ఆగింది, ఎన్నికలొచ్చాయి. ఓట్లడగాలంటే సభ కావాలి, సభకు జాగా కావాలి, ఆ జాగాకు ఒక అమరుడు కావాలి. స్థూపం గబగబా లేచింది. పెద్ద నాయకుడు జీపులో వచ్చి ఆవిష్కరించాడు. పత్రికలో ఫోటో పడింది. ఫోటోలో నాయకుడు, జీపు బాగా పడ్డాయి, స్థూపం సగమే పడింది.

రంగు ఆరకముందే అమరుడు నడుచుకుంటూ వచ్చాడు. గుడిసె కాలిన రోజుల్లోనే ఆయన మానుకోట, అంటే ఇప్పుడు కాగితాల్లో మహబూబాబాద్ అని రాస్తారే, అక్కడ దళం కబురు ఇవ్వడానికి పోయి స్టేషన్ దగ్గర పోలీసులకు చిక్కాడు. మారుపేరు చెప్పాడు. ఆ మారుపేరుతోనే ఒక జైలు నుంచి ఇంకో జైలుకు తిరిగాడు. బతికి ఉన్నాడని కబురు పంపితే ఇంటి మీద పడతారని పంపలేదు. అక్షరాలు జైల్లోనే నేర్చుకున్నాడు. విడుదలై జనగామలో రైలు దిగి నడిచి వస్తుంటే ఊరి మొగదల కొత్త దిమ్మె కనిపించింది. కూడబలుక్కొని చదివితే తన పేరే. జైల్లో నేర్చిన చదువుతో ఊళ్ళో ఆయన చదివిన మొదటి ముక్క అది.

ఊరంతా పరుగెత్తుకొచ్చింది. తల్లి వచ్చింది, పట్టుకొని ఏడ్చింది. ఇంట్లోకి పోబోతుంటే అయ్యగారు అడ్డం నిలబడ్డాడు. దినాలు చేసినంక వచ్చినవాడు ఇంట్లోకి పోరాదు, మళ్ళీ పుట్టాలి అన్నాడు. మళ్ళీ పుట్టడం ఎట్లా అంటే, తొట్టెలలో వేసి పేరు పెట్టాలి అన్నాడు. ఊళ్ళో తొట్టెలలున్నాయి గాని జైల్లో గడ్డం పెంచిన మనిషి పట్టే తొట్టెల లేదు. చివరికి నులకమంచానికి తాళ్ళు కట్టి చింతచెట్టుకు వేలాడదీశారు. ముత్తైదువలు చుట్టూ చేరి జోలపాట పాడారు. బీడీ వాసన వచ్చే పసిబిడ్డ అందులో ముడుచుకొని పడుకున్నాడు. రెండు ఊపులకే తాడు తెగింది. ఈ ముచ్చట మా అమ్మ చెప్పిన ప్రతిసారీ నవ్వలేక కూలబడేది. అయ్యగారు ఆయన చెవిలో కొత్త పేరు ఊది, పక్కనున్న తల్లికీ పెళ్ళానికీ వినిపించాడు. తర్వాత ఆ పెళ్ళానికే మళ్ళీ పుస్తె కట్టించాడు. ఆమె తిరిగి గాజులు వేసుకుంది.

ఇల్లు సర్దుకుంది, స్థూపమే సర్దుకోలేదు. పేరు తీసేయమని ఆయన పార్టీ ఆఫీసుకు పోయాడు. పెద్ద నాయకుడు ఆవిష్కరించింది, ఇప్పుడు తప్పంటే ఎట్లా, ఎన్నికలు కానివ్వు అన్నారు. అయిపోయాయి. మళ్ళీ పోయాడు. వచ్చే ఎన్నికలు కానివ్వు అన్నారు. ఆ మాట మా ఊళ్ళో ఇప్పటికీ నడుస్తోంది.

మరి కాలిపోయింది ఎవరు? ఈ ప్రశ్న ఊరు అడగలేదనుకోకండి. అడిగింది, జవాబు కూడా తనే చెప్పుకుంది. ఎవడో గొంగడి దొంగ అన్నారు. గొంగడి ఎత్తుకపోయి గుడిసెలో దాక్కున్నాడు, దొరికాడు, కాలాడు. వినడానికి సులువుగా ఉంది గనుక ఆ మాటే నిలిచింది. తాతకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆయన జీవితమంతా చేసిన కొట్లాట ఒక్కటే. ఆ మనిషి దొంగ కాదు, దిమ్మె మీద రాయాల్సింది తన గురించి కాదు, ఆ మనిషి గురించి.

ఆ మనిషి భూపాలపల్లి అడవి దిక్కు నుంచి దళంలోకి వచ్చినవాడు. దళంలో అందరివీ మారుపేర్లే, అసలు పేరు అడగడం తప్పు. కొద్దిరోజులే కలిసి ఉన్నారు. తాతకు ఆయన గురించి తెలిసిందల్లా, నోరు తెరుచుకొని నిద్రపోయేవాడని, తలగుడ్డ కొసకు చిటికెడు ఉప్పు ముడి వేసుకునేవాడని. ఎవరింట్లో ఏది పెట్టినా ఆ ముడి విప్పి ఇంత ఉప్పు చల్లుకొనే తినేవాడట. వానకు తడిసి చలిజ్వరంతో వణుకుతుంటే తాత తన గొంగడి తీసి ఆయనకు కప్పి, తను వట్టి ఒంటితో మానుకోట దారి పట్టాడు.

ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఊళ్ళో వాళ్ళు తలూపి, దొంగ కథే చెప్పుకునేవాళ్ళు.

మధ్యలో పార్టీ రెండు పార్టీలైంది. స్థూపం ఒక్కటే గనుక దినం రెండైంది. తల్లి తిథి చెప్పింది, ఒక పార్టీ ఒక పంచాంగం చూసి తారీఖు కట్టింది, రెండో పార్టీ ఇంకో పంచాంగం చూసింది. దేవుణ్ణి నమ్మనివాళ్ళు పంచాంగం దగ్గర అంత పట్టుదలగా విడిపోవడం నేను మరెక్కడా చూడలేదు. మొదటివాళ్ళు వేసిన దండ వాడిపోయాక రెండోవాళ్ళు వచ్చి తీసేసి కొత్తది వేసేవాళ్ళు. రెండు సభలకూ మైకు నాదే. రెండింటికీ తాత వచ్చేవాడు. ఆయన ఏ పార్టీ అని అడిగితే, నేను సచ్చినోళ్ళ పార్టీ అనేవాడు.

తల్లి బతికున్నన్ని రోజులూ జెండా ఎగరేసింది ఆమే. వీరమాత అని కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళు. తాడు ముడి విప్పడం ఆమెకు చేతకాదు, కొడుకే విప్పి అందించేవాడు. ఈ తల్లి కన్న బిడ్డ ఈరోజు మన మధ్య లేడని ఒక నాయకుడు మైకులో చెబుతుంటే, ఆ బిడ్డ తాడు పట్టుకొని నిలబడి, ఇంకా గుంజాల్నా సాలునా అని ఆయన్నే అడిగాడట. ఆమె మాత్రం ఆ కుర్చీలో ఎప్పుడూ తల వంచుకొనే కూర్చునేది. దుఃఖం అనుకున్నాం అందరం.

ఆమె పోయాక తాత తీరు మారింది. కొత్త అలవాటొకటి మొదలైంది. నాయకులెవరైనా ప్రాణాలర్పించిన మన వీరుడు అనగానే, ఆయన ఎడమ కాలు టైరు చెప్పులోంచి తీసి నా ముందు పెట్టి వేళ్ళు ఆడించేవాడు. ఆ కాలికి చిటికెన వేలు లేదు, చిన్నప్పుడు గొడ్డలి పడి పోయింది. త్యాగం అన్నా కాలు తీసేవాడు, నెత్తురు అన్నా తీసేవాడు. నాకు అర్థం కాక, చీమ కుట్టిందేమో అని కింద చూసేవాణ్ణి. వీరమాత అని ఎవరైనా అన్నప్పుడు మాత్రం కాలు తీసేవాడు కాదు. బీడీ ఆర్పేసేవాడు.

రెండు నిమిషాలు మైకు ఇవ్వమని అప్పట్నుంచి అందరినీ అడగడం మొదలుపెట్టాడు. ఎండ ఎక్కువుంది తాతా అనేవాళ్ళు. ముసురు నాడు అడిగితే వానొచ్చేటట్టుంది తాతా అనేవాళ్ళు. అమరుడు మాట్లాడితే సభకు బాగుండదని వాళ్ళ భయం.

చివరికి ఒక ఏడు అవకాశం దానంతట అదే వచ్చింది. నాయకుడి కారు జనగామ దాటలేదని కబురు. ట్రాక్టర్ల మీద తెచ్చిన నాట్లేసే కూలీ ఆడవాళ్ళు ఎండలో కూర్చొని ఉన్నారు. నేను వేసిన పాటలే మళ్ళీ మళ్ళీ వేస్తున్నాను. తాత నా మొహం చూశాడు. నేను పాట ఆపి మైకు ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని దుడ్డుకర్ర పట్టినట్టు పట్టుకున్నాడు.

"అందరు ఇనుండ్రి," అన్నాడు. "గీ దిమ్మె మీద రాసింది నా పేరు. నేను సావలే. సచ్చినాయన భూపాలపల్లి అడివి దిక్కు మనిషి. ఆయనకు జరమొస్తే నా గొంగడి నేనే కప్పిన. ఆయన దొంగ గాదు."

ఇంతవరకు ఊరికి తెలిసిందే. కొందరు నవ్వుకున్నారు. అప్పుడు ఆయన ఎడమ కాలు తీసి నా టేబుల్ మీద, ఆంప్లిఫయర్ పక్కన పెట్టాడు.

"నాకు గీ కాలుకు చిటికెనేలు లేదు. ఆయనకు అన్ని వేళ్ళున్నయి. మా అవ్వ గొంగడి లేపి సూసింది. కన్నకొడుకు కాలు అవ్వకు తెల్వదా? తెలిసే ఏడ్సింది. నేను సచ్చిన్ననుకుంటె దొర నన్ను దేవులాడుడు బందు చేస్తడని ఏడ్సింది. పానం పోయేటప్పుడు నాకు చెప్పింది. గీ దినం గట్ల పుట్టింది. మా అవ్వ నన్ను కాపాడుకున్నది, మంచిదే. ఆయనకు గూడ ఒక అవ్వ ఉండె గద. ఆమెకు ఎవలు చెప్పిండ్రు?"

నవ్వులు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే నాయకుడి కారు వచ్చి ఆగింది. నిర్వాహకుడు కట్ చెయ్యమని నాకు చేత్తో సైగ చేశాడు. నేను కింద వంగి వైర్లు చూస్తున్నట్టు ఉన్నాను. పక్క ఊరిదాకా వినపడే హారన్లు నావి. ఆ ఏడు కోపంతో తర్వాతి సభలకు వాళ్ళు జనగామ నుంచి మైకు తెప్పించుకున్నారు. అది రెండు ముసుర్లకే గొంతు పోయి కూర్చుంటే మళ్ళీ నా దగ్గరికే వచ్చారు.

నాయకుడు మైకు తీసుకున్నాడు. సగం విన్నాడో ఏమీ వినలేదో తెలియదు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. తన అమరత్వాన్ని సైతం ఒక అజ్ఞాత సోదరునికి ధారపోసిన ఈ మహనీయుని వినయం చూడండి అన్నాడు. చప్పట్లు మోగాయి. తాత కాలు టేబుల్ మీది నుంచి తీసి చెప్పులో దూర్చుకున్నాడు.

"నేను సావలేదని చెప్పినా సప్పట్లే కొట్టిరి," అన్నాడు నాతో. ఆయన మొహం అంత చిన్నబోయి ఉండగా నేను అంతకు ముందు చూడలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అసలు దెబ్బ ఇంటి దగ్గర కాచుకొని ఉంది. హారన్లు ఊరంతా వినిపించాయన్నాను కదా, ఆయన పెళ్ళానికీ వినిపించాయి. అత్త తెలిసే ఏడ్చిందని, అది మొగనికీ తెలుసని ఆమెకు తెలియడం అదే మొదటిసారి. కోడలి ఏడుపులో అబద్ధం కనబడితే దొర పసిగడతాడని అత్త ఆమెకు చెప్పలేదు. తల్లి పరువు పోతుందని ఈయన చెప్పలేదు. ఆమె వాకిట్లోనే నిలబెట్టింది ఆయన్ని.

"నా గాజులు ఎందుకు పగిలినయో మైకుల ఇననా నేను? ఇంట్ల చెప్ప నోరు రాలేదా నీకు?"

తర్వాత ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. వంట చేసి మా దుకాణం ముందుకొచ్చి, నీ మైకుల చెప్పు బిడ్డా, అన్నం అయిందని, అనేది నాతో. ఆయన నా పక్కనే కూర్చొని ఉండేవాడు. నేను మైకు లేకుండానే చెప్పేవాణ్ణి, ఆయన లేచి పోయేవాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ముందు నడిచేది, నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలిసేది కాదు. నెలల తరబడి ఇదే సాగింది.

ఆ మౌనం తీరింది కూడా ఆమె మాటతోనే. తను మొగుడనుకొని పడి ఏడ్చింది ఆ పరాయి మనిషి మీద, దినాలదాకా అన్నం ముట్టనిది ఆయన కోసం. ఇన్నేళ్ళూ దొంగ అని ఊరంటుంటే విని ఊరుకుంది కూడా తనే. అందుకని పోయి ఆయన ఇంటోళ్ళను దేవులాడి చెప్పిరా అని ఆయన్ని బయల్దేరదీసింది. తోడు నన్ను పొమ్మంది.

జనగామ పోయి, హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా భూపాలపల్లి దిక్కు పోయాం. చెల్పూర్ దగ్గర దిగితే అడవి కోసం ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. ఆయన తల వెనక్కి వంచి వాటిని చాలాసేపు చూసి, ఇది ఎవల స్థూపం అని అడిగాడు. వెక్కిరింతకే అడిగాడని ఇప్పటికీ నమ్ముతాను.

చాయ హోటల్ దగ్గర నలుగురు చేరారు. ప్లాంటులో మీ తాలూకు భూమి ఏమన్నా పోయిందా అని మొదటి ప్రశ్న. లేదు, మనిషి పోయాడు అన్నాడు తాత. ఏ ఊరు మనిషి? తెలియదు. ఇంటిపేరు? తెలియదు. అసలు పేరన్నా తెలుసా? తెలియదు. మరి ఏం తెలుసయ్యా నీకు అన్నారు. తలగుడ్డ కొసకు ఉప్పు ముడి వేసుకునేవాడు అన్నాడు తాత. అందరూ నవ్వారు. నష్టపరిహారం కోసం ఎంత దూరం నుంచి ఎట్లాంటి కథలతో వస్తారో అని ఒకాయన నాకు వినపడేటట్టే అన్నాడు.

పక్కన గంప పెట్టుకొని కూర్చున్న ఒక ముసలమ్మ నవ్వలేదు.

"గా దినాలల్ల మాకు ఉప్పు యాడిది బిడ్డా? ఉప్పు దొరికినోళ్ళు అందరు ముడేసుకునేటోళ్ళే. పోయి రానోళ్ళు ఇంటికొకలు. ఏ ఇల్లని చూపియ్యాలె నీకు?"

తాత ఆమె ముందు చేతులు జోడించాడు. ఇంకెవర్నీ అడగలేదు. వచ్చేటప్పుడు అక్కడి కిరాణా కొట్టులో ఒక ఉప్పు సంచి కొన్నాడు. మా ఊళ్ళో దొరకనట్టు ఇంతదూరం నుంచి ఉప్పు మోసుకపోవడం ఏమిటని నేను వెక్కిరించాను. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకొని బస్సులో నిద్రపోయాడు. ఇంటికి రాగానే పెళ్ళానికి ఇచ్చాడు, ఆమె ఉట్టి మీద పెట్టింది.

ఆ తర్వాత రెండేళ్ళకు కాబోలు, చలికాలంలో ఆయన పోయాడు. ఈసారి నిజంగా. రెండు పార్టీలవాళ్ళూ ఎర్రజెండాలతో వచ్చారు. ఏ జెండా పైన కప్పాలనే దగ్గర కాసేపు గొంతులు లేచాయి, తర్వాత పక్కపక్కన కప్పారు. ఆయన పేరు చెప్పి అమర్ రహే అన్నారు. బతికున్నప్పట్నుంచీ అలవాటైన నినాదం గనుక ఎవరూ తడబడలేదు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే పెద్దకొడుకు దండం పెట్టి అడిగాడు, దిమ్మె మీద ఆ రెండో మనిషి గురించి ఒక ముక్క రాయించండి, మా నాయిన ఒక్కటే కోరిక అని. తప్పకుండా, ఈ ఎన్నికలు కానివ్వండి అన్నారు.

దినాల నాడు వాళ్ళ వ్యవసాయ బావి దగ్గర చేరాం. అప్పటి అయ్యగారి మనుమడు ఇప్పుడు అయ్యగారు. పద్ధతి తెలిసినవాడు. విస్తరి ముందు కూర్చొని పేరు అడిగాడు. పెద్దకొడుకు స్థూపం మీది పేరు చెప్పాడు. అయ్యగారు చెయ్యి ఆపాడు. ఆ పేరుకు మా తాతే దినాలు చేసిండు, ఒకసారి అయిన పేరుకు మళ్ళ చేస్తే పోయినాయనకు ముట్టది, తొట్టెల వేసి పెట్టిన పేరు చెప్పుండ్రి అన్నాడు. కొడుకులకు ఆ పేరు తెలియదు. ఆయన గాక ఆ పేరు విన్నవాళ్ళు లోకంలో ముగ్గురే. ఊదిన అయ్యగారు పోయాడు, తల్లి పోయింది. మిగిలింది ఆయన పెళ్ళాం, మేం అవ్వ అని పిలిచే ఆమె.

అవ్వ మొగని పేరు పలకదు. పెళ్ళయిన నాటి పేరూ పలకలేదు, రెండోసారి పుస్తె కట్టిన నాటి పేరూ పలకలేదు. కొడుకులు పక్కన కూర్చొని, మెల్లగా మా చెవుల చెప్పే అవ్వా అని బతిమాలారు. ఆమె వాళ్ళ దిక్కు చూసింది. తెలిసిన పేరు నోట్లో పెట్టుకున్న మనిషి చూపే అది, నాకు స్పష్టంగా కనిపించింది. చెప్పలేదు. కొంగుముడి విప్పి, చెల్పూర్ నుంచి వచ్చిన ఉప్పు ఇంత తీసి విస్తట్లో అన్నం పక్కన పెట్టింది.

అయ్యగారు వద్దన్నాడు. పెద్దలకు పెట్టేదాంట్లో ఉప్పు పెట్టరాదమ్మా అన్నాడు. పెద్దకొడుకు కూడా నచ్చజెప్పబోయాడు, నాయిన బీపీకి ఉప్పు మానేసి ఎన్నేండ్లాయె అని.

"ఉప్పు లేకుంటె ఆయన తినడు," అంది అవ్వ.

కొడుకులకు అర్థం కాలేదు. అయ్యగారు పేరు కోసం ఇంకా చెయ్యి ఆపుకొని కూర్చునే ఉన్నాడు. ఆమె విస్తరిని ఆయన ముందుకు జరిపింది.

"పేరు లేకుండనే పెట్టు అయ్యగారు. ఇద్దరికి ముడుతది."